జామీనుగా కుక్కర్ మూత

మూతలక్క పోయిందన్న సంగతి నాకు సూరత్‌లో సచిన్ వైపు పోయే బస్సులో తెలిసింది. పాండెసరాలో ఎక్కిన మా మిల్లు మనిషి ఒకడు, కిటికీ సీటు దొరికిన సంతోషంలో ఆ కబురు కూడా చెప్పేసి, అదే ఊపులో పాన్ మసాలా పొట్లం చింపుకున్నాడు. ఆమె అసలు పేరు వాడికి తెలియదు. నాకూ తెలియదు. తమవాళ్ళకు ఆమె చేత చివరి గుక్క నీళ్ళు పోయించుకున్నవాళ్ళు, ఆమె చేత చీవాట్లు తిని దారికొచ్చినవాళ్ళు సూరత్‌లో మా తెలుగువాళ్ళలో చాలామందే ఉన్నారు. వాళ్ళలో ఎవరైనా పేరడిగితే, "పేరుతోని ఏం పని? నీ బిడ్డనిస్తవా మా ఇంటికి?" అనేది.

పల్సానా పోయే దారిలో ఒక ట్రస్టువాళ్ళది పన్నెండు మంచాల హాస్పిస్ ఉంది. నయమయ్యే దశ దాటిన రోగులకు నొప్పి తగ్గించి, పుండ్లు కడిగి, మనిషిని మనిషిలా ఉంచే చోటు అది. కరోనా రోజుల్లో ఇలాంటి రోగులను చూసుకునే దిక్కు లేక, ఇళ్ళలో చూసుకునేవాళ్ళు కూడా కూలబడిపోతుంటే, ఆ ట్రస్టువాళ్ళు ఒక పద్ధతి పెట్టారు. రోగిని ఐదు రోజులు వాళ్ళు ఉంచుకుంటారు. ఆ ఐదు రోజులూ ఇంటివాళ్ళు నిద్రపోవాలి. ఆరో రోజు పొద్దున వచ్చి రోగిని తీసుకుపోవాలి. ఇంత తేలికైన మాట మావాళ్ళలో ఒక్కరికి కూడా మొదటిసారి వింటే అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పడానికి అక్కడ తెలుగు వచ్చిన ఆయా ఒక్కతే ఉండేది. ఆమే మూతలక్క.

మనిషి పొట్టి. యాభై దాటిన వయసు. ఆయా పనికి రాకముందు ఇరవై ఏళ్ళు వడోద్‌లో ఒక మగ్గాల షెడ్డులో నూలు కండెలు చుట్టింది. మరమగ్గాలను మావాళ్ళు సాంచెలంటారు. ఆ సాంచెల మోతకు ఆమె చెవులు సగం పోయాయి. షెడ్డులో పనిచేసినవాళ్ళందరిలాగే ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాట పట్టేది. అలాంటిదానికి కరోనా వచ్చి లోకమంతా మూతికి గుడ్డ కట్టుకుంది. "దేవుడు నా చెవులు తీసుకున్నది చాలక మీ మూతులు గూడ తీసుకున్నడు" అని విసుక్కునేది. అందుకని చూడవచ్చినవాళ్ళను అద్దాల కిటికీ అవతల నిలబెట్టి, మాస్కు దించమనేది. గొంతు లేకుండా పెదవులు కదిపితే చాలు, ఇవతలి నుంచి జవాబు వచ్చేది. ఆ జవాబు మాత్రం పక్క మిల్లుదాకా వినిపించేది.

ఇంకో అలవాటు. ఏ గుడ్డ కనబడినా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి చూసేది. దుప్పటి, చీర కొంగు, చివరికి డాక్టరమ్మ తెల్లకోటు కూడా. "ఇది పల్సానా మిల్లు మాల్. రెండు ఉతుకులకు జల్లెడ అయితది." మనుషుల్ని కూడా ఆమె అలాగే చూసేదని నాకు తర్వాత తెలిసింది.

ఇక మూతల సంగతి. రోగిని చేర్చేటప్పుడు ట్రస్టువాళ్ళు ఆధార్ కార్డు, కరోనా రిపోర్టు, పాత చీటీలు అడిగేవారు. అవన్నీ అయ్యాక మా అక్క తన కాగితం లేని రూలు బయటికి తీసేది. ఇంట్లో వాడుతున్న ప్రెషర్ కుక్కర్ మూత తెచ్చి ఇవ్వాలి. విజిలూ రబ్బరూ సహా. దాని మీద ప్లాస్టరు ముక్క అంటించి, మంచం నెంబరు రాసి, ఆ మంచం కిందే పెట్టేది. పన్నెండు మంచాలు, మంచానికో మూత. గుజరాతీ డాక్టరమ్మ మొదట్లో ఇది తెలుగువాళ్ళ ఆచారమనుకుని దణ్ణం కూడా పెట్టిందట. అసలు సంగతి తెలిశాక చూసీ చూడనట్టు ఊరుకుంది.

ఈ రూలు ఎందుకు పుట్టిందంటే, మొదటి కరోనా ఏడాది ఒక కుటుంబం తల్లిని చేర్చి, ఆరో రోజు ఫోన్లు ఆపేసి, గది ఖాళీ చేసి ఊరికి వెళ్ళిపోయింది. ముసలమ్మ ఇంకో రెండు వారాలు తలుపు వైపే చూసి చూసి పోయింది. ఆ తర్వాత మా అక్క ఎవరినీ నమ్మలేదు. ఆధార్ కాగితాలున్నాయి కదా అని నేనొకసారి అంటే నవ్వింది.

"ఆధార్ లేకున్నా బతుకొచ్చు తమ్మీ. మూత లేకుంటె ఈ సూరత్ నీళ్ళల్ల కందిపప్పు ఉడుకుతదా? మనిషిని మరిచిపోతరు గని మూతను మరిచిపోరు."

కొత్త మూత తెస్తే తీసుకునేది కాదు. "స్టిక్కరున్న మూత నాకొద్దు. కొత్తది తెచ్చినోడు మనసుల అప్పుడే వేరే కుక్కరు కొనుక్కున్నడు." పసుపు మరకలు పడి, పిడి ఒక పక్క కాలిన మూతైతేనే ఆమెకు నమ్మకం.

గేటు దగ్గర ఆమె దర్బారు చూడాల్సిందే. ఒక కోడలు అత్తను చేర్చడానికి వస్తూ కొత్త తెల్లగుడ్డ, గంగనీళ్ళ చెంబు కూడా సంచిలో పెట్టుకొచ్చింది. అక్క సంచి తెరిచి, గుడ్డ నలిపి చూసి, "మంచి మాలే. ఏంది బిడ్డా, అత్తను ఐదు దినాలకు తెచ్చినవా, పదకొండో దినానికి తెచ్చినవా?" అంది. ఆటోలోంచి ఆ అత్త కూడా నవ్వింది. ఇంకొకాయన వచ్చిన దగ్గర్నుంచి గ్లూకోజు ఎప్పుడు ఎక్కిస్తారని ఒకటే గొడవ. "సీసా వేలాడితెనే మీకు వైద్యమైనట్టు. ఖాళీ సీసాలు రెండు తెచ్చి గోడకు వేలాడగడ్త, చూసుకుంట కూసో" అంది. ఎన్ని రోజులు బతుకుతాడని అడిగినవాడికి, "నా పెనిమిటి గుడ్డ తాన్ల మీద తారీఖు ముద్ర కొట్టేటోడు, మనుషుల మీద గాదు" అని చెప్పి, ముద్ర కొట్టినట్టు వాడి భుజం మీద ఒకటి వేసింది.

మధ్యాహ్నం రెండు గంటలకు ఇళ్ళకు ఫోన్లు చేసేది. రోగి ఎలా ఉన్నాడో చెప్పడానికని అందరూ గాభరాగా ఎత్తేవారు. మొదటి రింగుకే ఎత్తారో, తిట్లు. "ఇంక పండుకోలేదా? ఇక్కడ మేము మెలకువతోని ఉన్నది ఎందుకు, మీరు అక్కడ టీవీల సచ్చినోళ్ళ లెక్కలు చూసుకుంట కూసునేటందుకా?" ఫోను మోగి మోగి ఎవరూ ఎత్తకపోతే మాత్రం తృప్తిగా తల ఊపి, వాళ్ళ పేరు ఎదురుగా టిక్కు పెట్టేది.

మా నాయినది నోటి క్యాన్సర్. ముప్పై ఏళ్ళు సాంచెల మీద నిలబడి, నిద్ర ఆపుకోవడానికి దవడలో పెట్టుకున్న తంబాకు చివరికి దవడనే తినేసింది. ముక్కులోంచి గొట్టం, చెంప మీద పుండు, గదంతా వాసన. ఎనిమిది నెలలు మా అమ్మ ఒక్కతే చూసింది. నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు అదే గదిలో ముక్కు పక్కకు తిప్పుకుని అన్నం తిన్నాం. అమ్మ ఒకరోజు గిన్నె పట్టుకుని నిలబడే నిద్రపోయి పడిపోయింది. అప్పుడు ఎవరో ఈ ఐదు రోజుల సంగతి చెప్పారు.

అమ్మ ససేమిరా అంది. ఆమె భయం సూరత్‌లో మావాళ్ళకే పుట్టే భయం. షెడ్డులో ఒకడికి జ్వరం వస్తే వాడి సాంచెల మీద ఇంకొకణ్ణి నిలబెడతారు. వాణ్ణి బదలీ అంటారు. జ్వరం తగ్గి వచ్చేసరికి ఆ సాంచెలు బదలీవాడివే అయి ఉంటాయి. ఇలా పని పోగొట్టుకోనివాడు మా గల్లీలో లేడు. "ఐదు దినాలు వేరేటోళ్ళ చేతుల పెడితె మళ్ళ నా చేతికి వస్తడా?" అని అమ్మ పట్టుబట్టింది. గేటు దగ్గర కూడా నాయిన చెయ్యి వదలలేదు.

అక్క ఆమె ఎదురుగా నిలబడి మాస్కు దించింది. "వదినె, నేను నీ పెనిమిటికి బదలీ గాదు. నీ నిద్రకు బదలీ. నీ సాంచెలు నీయే. రాసియ్యమంటవా?"

అమ్మకు నమ్మకం కుదిరిందో లేదో గాని చెయ్యి వదిలింది. తర్వాత తనే ఇంటికి వచ్చి, కుక్కర్ మూత కడిగి, నా చేతికిచ్చి పంపింది. మా మూత చూసి అక్క మెచ్చుకుంది. పిడి రెండు పక్కలా కాలి ఉంది.

రెండో రోజు అమ్మా నేనూ అద్దాల కిటికీ బయట నిలబడ్డాం. నాయిన మంచం మీద కూర్చుని ఉన్నాడు. మాట ఎప్పుడో పోయింది. కానీ సాంచెల మోతలో ముప్పై ఏళ్ళు చేతులతోనే మాట్లాడిన మనిషి ఆయన. ఒక పిడికిలి మీద ఇంకో పిడికిలి తిప్పి, ఖాళీ అరచెయ్యి చూపించాడు. షెడ్డులో దానికి అర్థం, బీము అయిపోయింది, ఇక నేయడానికి నూలు లేదని. మంచం కాళ్ళవైపు నిలబడ్డ అక్క చీపురు చంకలో పెట్టుకుని, వంగి ఆయన పొట్టను బీమును చూసినట్టు ఎగాదిగా చూసి, నాలుగు వేళ్ళు ఎత్తింది. ఇంకా నాలుగు మీటర్లుంది, నిలబడి నెయ్యి అని. నాయిన నవ్వాడు. సగం నోటితో, భుజాలు కదిలేలా నవ్వాడు.

ఎనిమిది నెలల్లో అదే మొదటి నవ్వు. అద్దం ఇవతల మా అమ్మకు ఒళ్ళు మండిపోయింది. "నా దగ్గర ఒక్కనాడన్న నవ్విండా?" అని దారి పొడుగునా తిట్టింది. ఇంటికొచ్చి కోపంలోనే పడుకుని పద్నాలుగు గంటలు నిద్రపోయింది. రెండు గంటల ఫోను మోగి మోగి ఆగిపోయింది.

మూడో రోజు నన్ను ఒక్కణ్ణే లోపలికి పిలిచి, నిండా ప్లాస్టిక్కు కోటు తొడిగి, పుండు కడగడం నేర్పింది. మాత్ర పొడి చల్లితే వాసన ఎలా తగ్గుతుందో చూపించింది. నొప్పి మందు గడియారం చూసి ఇవ్వాలి, నొప్పి చూసి కాదు అంది. "పోగు తెగినంక చూసుకుందమంటె తానంత ఖరాబైతది. నొప్పి గూడ గంతె. అది రాకముందుకే నువ్వు ఆడ ఉండాలె." ఎనిమిది నెలలుగా నాయిన మూలిగితేనే మందిచ్చాం మేము. ఎక్కువిస్తే అలవాటవుతుందని జాగ్రత్తపడ్డాం. చావబోయే మనిషికి ఏం అలవాటవుతుందని భయపడ్డామో ఇప్పటికీ నాకు తెలియదు.

నాలుగో రోజు మెట్ల మీద మా ఇంటి ఓనరు ఆపాడు. ఆయనా మా జిల్లావాడే. నలభై ఏళ్ళ కింద వచ్చి మూడంతస్తులు లేపాడు. "తమ్మీ, నాయిన అక్కడ్నే ఉంటె నయం గదా. కిరాయింట్ల పానం పోతె మాకు అరిష్టం. అసలే కరోనా దినాలు, గల్లి మొత్తం బంద్ పెడ్తరు. నువ్వు చదువుకున్నోనివి, నీకు చెప్పాల్నా." చదువుకున్నవాణ్ణి కదా, వెంటనే అర్థమైపోయింది. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. గుండె తేలికైంది. ఎంత తేలికైందో చెప్పుకోవడానికి ఈ రోజుకీ సిగ్గే.

నిజం చెప్పాలి. ఆ నాలుగు రోజుల్లో గదిలో వాసన పోయింది. నాయిన చాప ఉండే చోట పిల్లలు పుస్తకాలు పరిచారు. నేను గట్టిగా నవ్వాను కూడా ఒకసారి. ఆయన అక్కడే పోతే అందరికీ మంచిది కదా అన్న మాట మనసులో ఎప్పుడు వచ్చి కూర్చుందో తెలియదు. సాయంత్రం మిల్లు నుంచి వస్తూ పాండెసరాలో దిగి కుక్కర్ మూత కొన్నాను. పప్పు ఉడకడం లేదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. స్టిక్కరు తీయలేదు. "మన మూత ఉన్నదిగద. ఇదెందుకు?"

"ఇంట్ల లేదుగద."

"ఎల్లుండి వస్తది. నాయినతోని." దాన్ని గూట్లో పైన పెట్టేసింది. ఆ పూట కూడా పచ్చిపులుసే కలిపింది.

ఆరో రోజు పొద్దున నేను మిల్లుకు తయారయ్యాను. అర్జెంటు డ్యూటీ ఉందని అమ్మకు చెప్పాను. చెప్తుండగానే ఫోను. ఎత్తగానే అక్క గొంతు గది మొత్తానికి వినిపించింది.

"తమ్మీ, మూత తోమి పెట్టిన. ఎప్పుడొస్తవు?"

"డ్యూటీ ఉన్నదక్కా. రేపు చూస్త. లేకుంటె ఎల్లుండి."

ఫోను ఎంత గట్టిగా పెట్టుకున్నా నా మాట ఆమెకు సగమే వినబడి ఉంటుంది. ఆ సగం చాలింది.

"కొత్తది కొన్నవా?"

నా చూపు గూటి మీదికి పోయింది.

"స్టిక్కరు గట్టిగుంటది, గోటితోని రాదు. వేడినీళ్ళల్ల నానబెట్టు, ఊడుతది. అదంత తర్వాత. ముందుగాల నువ్వు రా."

తిరిగి చూసేసరికి అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. మాస్కు కట్టుకుంది. చేతిలో నాయిన ఉతికిన చొక్కా. నేను టిఫిను డబ్బా దించి ఆటో పిలిచాను.

అక్కడ అక్క మందుల చీటీ అప్పగించింది. ఏ గంటకు ఏది ఇవ్వాలో సూర్యుడూ చంద్రుడూ బొమ్మలు గీసి పెట్టింది. నొప్పి ఆగకపోతే ఏ వేళైనా ఫోను చేయమంది. మళ్ళీ అలిసిపోతే మళ్ళీ తెమ్మంది, అదే మూతతో. తర్వాత మూత అమ్మ చేతిలో పెడుతూ అడిగింది.

"ఐదు దినాలు పప్పెట్ల వండినవు వదినె?"

"పచ్చిపులుసుతోని తిన్నం. ఎండలు గద, గదే సల్లగున్నది" అంది అమ్మ. నా వైపు చూడలేదు.

అక్క చూసింది. మాస్కు పైన ఆ రెండు కళ్ళు నా మీద నిలబడ్డాయి. చెయ్యి చాపి నా చొక్కా అంచు బొటనవేలితో నలిపింది. "నీ కొడుకు మంచి మాలే వదినె. ఆడాడ ఒక పోగు వదులున్నది, గంతె."

నాయిన ఇంట్లో ఇంకో నెలా పది రోజులున్నాడు. నేను గడియారం చూసి మందిచ్చాను. చివరి రోజుల్లో మూలుగు లేదు. ఒక మధ్యాహ్నం అమ్మ గొట్టంలో గంజి పోస్తుండగా, చేతులతో బీము తిప్పినట్టు చేసి, అరచెయ్యి చూపించి పోయాడు. ఈసారి నాలుగు మీటర్లుందని ఎవరూ అబద్ధం చెప్పలేదు. గల్లీ బందు కాలేదు. అరిష్టం అన్న ఓనరే పాడెకు మొదటి భుజం పట్టాడు.

బస్సులో కబురు విన్నాక వచ్చిన ఆదివారం నేను పల్సానా దారి పట్టాను. అక్కడ ఇప్పుడు వరంగల్ వైపు పిల్ల ఒకతి ఆయాగా ఉంది. అక్క చేతి కింద పని నేర్చుకుంది. మంచాల కింద మూతలు అలాగే ఉన్నాయి. ఆ పిల్ల చెప్పింది.

అక్కకు కడుపులో గడ్డ. నొప్పి వచ్చినా ఎవరికీ చెప్పలేదు. ఊరందరికీ నొప్పి రాకముందే మందు వేసుకోమని చెప్పిన మనిషి తన విషయంలో పోగు తెగిందాకా ఆగింది. పల్సానాలో రంగుల మిల్లులో పనిచేసే కొడుకు తీసుకొచ్చి చేర్చాడు. ఐదు రోజులకే. అలవాటు ప్రకారం ఈ పిల్ల అతన్ని మూత అడిగింది. అతను వెళ్ళి మూత తెచ్చాడు. తళతళలాడుతున్నది, స్టిక్కరుతో సహా.

"నేను వాపస్ ఇయ్యబోయిన" అంది ఆ పిల్ల. "అక్కే ఆపింది. 'తీస్కో, కొత్తదాంట్ల గాలి పోదు' అన్నది. జిందగీల ఫస్ట్ టైం కొత్త మూత తీసుకున్నది."

ఆరో రోజు దాకా ఉండలేదు అక్క. నాలుగో రోజు మధ్యాహ్నం, అందరూ పడుకోవాల్సిన రెండు గంటల వేళ పోయింది. కొడుకు వస్తాడా రాడా అని ఫోను పట్టుకుని ఎదురుచూసే పని ఎవరికీ పెట్టలేదు. ఆ పిల్ల ఫోను చేస్తే మొదటి రింగుకే ఎత్తాడట. మిల్లు నుంచి చెప్పులు కూడా లేకుండా, మోచేతుల దాకా నీలం రంగుతో పరుగెత్తుకొచ్చాడట. తల్లిని ఎవరినీ ముట్టనీయకుండా తనే ఎత్తుకుపోయాడట.

"మూత?" అన్నాను.

ఆ పిల్ల ఏడో నెంబరు మంచం కిందికి చూపించింది. స్టిక్కరు ఇంకా మెరుస్తోంది.

"మనిషిని తీస్కపోయిండు. మూత మరిచిపోయిండు."

అక్క జీవితమంతా చెప్పిన మాట ఆ ఒక్కసారే తప్పింది, అదీ చూడ్డానికి ఆమె లేనప్పుడు. ఉన్నా ఒప్పుకునేది కాదు. కొత్తది గద తమ్మీ, వానికి ఇంక అలవాటు కాలే, అనేది. అని, అటు తిరిగి కళ్ళు తుడుచుకునేది.

ఇంటికొచ్చి, ఆనాటి నుంచి స్టిక్కరుతోనే గూట్లో ఉన్న నా కొత్త మూత దించి, వేడినీళ్ళలో నానబెట్టాను.